కొమ్ములు పోగా మిగిలిన తల

ప్రతి ఆదివారం మధ్యాహ్నం వాటర్లూలో ఉండే ఒక అమ్మాయికి ఫోన్ చేస్తాను. బాగున్నావా, తిన్నావా అన్న మాటలయ్యాక మధ్యలో ఏదో ఒకటి అడుగుతాను. విన్నిపెగ్‌లో కలిసి ఉన్నప్పుడు మనం కాలేజీకి ఏ నంబరు బస్సు ఎక్కేవాళ్లం? మన బేస్‌మెంట్ కిటికీకి అడ్డంగా కట్టిన పాత చీర ఏ రంగుది? ఆమె చెప్పేదాకా ఊపిరి బిగబట్టుకుని ఉంటాను. చెప్పాక వేరే సంగతిలోకి దిగుతాను. ఇది చాదస్తం కాదు. ఒకప్పుడు ఆ అమ్మాయికి నా చేత్తో జింక మెదడు వండి పెట్టాను. ఆ జింకకు మెదడును తినేసే జబ్బు ఉందని రెండు నెలల తర్వాత తెలిసింది. అది మనుషులకు వస్తుందో రాదో గట్టిగా చెప్పగలిగినవాళ్లు నాకెవరూ దొరకలేదు. వస్తే ఎన్నేళ్లకు వస్తుందో అసలే చెప్పలేరు. ఈ సంగతి నేను ఆమెకు చెప్పలేదు.

ఎందుకు చెప్పలేదో రాయాలంటే ఇద్దరు పెద్దమనుషులు కొమ్ముల గురించి పెట్టుకున్న తగువు దగ్గర మొదలుపెట్టాలి.

కరోనా తర్వాత కెనడా తలుపులు బార్లా తెరిచిన రోజుల్లో వచ్చిన వేలమందిలో నేనొకదాన్ని. విన్నిపెగ్‌లో రెండు గదుల బేస్‌మెంట్‌లో ఆరుగురు ఆడపిల్లలం ఉండేవాళ్లం. ఏ బస్సెక్కినా తెలుగు వినపడేది. కాఫీ కొట్టు కౌంటర్ మీద ఉద్యోగం ఒకటి ఉందంటే దానికి మన ఊళ్లో సినిమాకి ఉన్నంత క్యూ ఉండేది. రెసూమెలు పంచీ పంచీ నా బూట్లు అరిగాయి. చివరికి బస్సు ఆఖరి స్టాపు దగ్గరున్న ఒక మాంసం కొట్టులో అడిగాను. దాని ఓనర్ డెబ్బై దాటిన పొట్టి మనిషి. నా రెసూమె చూడకుండా బల్ల మీద ఒక జింక తొడ పెట్టి, కత్తి నా చేతికిచ్చాడు. ఎముక మీద కండ మిగలకుండా ఒలిచి ఇచ్చాను. ఎక్కడ నేర్చుకున్నావని అడిగాడు. మా నాన్నది నల్లగొండ వైపు మటన్ కొట్టు అని చెప్పాను. కెనడాలో ఆ మాట పైకి చెప్పడం అదే మొదటిసారి. తోటి అమ్మాయిలకు నాన్న బిజినెస్ చేస్తాడని మాత్రమే చెప్పి ఉన్నాను.

నవంబరు వచ్చిందంటే ఆ కొట్టు కొట్టులా ఉండదు. వేటగాళ్లు నారింజ రంగు కోట్లతో, ట్రక్కుల వెనక జింకల్ని వేసుకుని వస్తారు. మేం తోలు తీసి, ముక్కలు కొట్టి, పొట్లాలు కట్టి ఇవ్వాలి. అక్కడ జింక మాంసం అమ్మడం చట్టం ఒప్పుకోదు. ఎవరు కొట్టింది వాళ్లు తినాలి, లేకపోతే ఎవరికైనా ఊరికే ఇవ్వాలి. అందుకని ప్రతి జింకకూ ఒక ఫారం, ఒక నంబరు ఉండేవి. ఏ ఏరియాలో కొట్టారో అందులో రాయాలి. కొన్ని ఏరియాల్లో జింకలకు ఆ మెదడు జబ్బు వచ్చింది కాబట్టి అక్కడ కొట్టినవాటి తలలు పరీక్షకు పంపడం తప్పనిసరి. మిగతా చోట్ల ఎవరిష్టం వాళ్లది. మా ఓనర్‌కు మాత్రం తన లెక్క తనకుంది. ఏ ఏరియాదైనా సరే, గొంతు దగ్గరుండే రెండు బిళ్లలు కోసి చిన్న సంచిలో వేసి నంబరు రాయమనేవాడు. వాటిని తనే తీసుకెళ్లి పరీక్షకు ఇచ్చి వచ్చేవాడు. అడిగినవాళ్లకు ఫలితం చెప్పేవాడు, అడగనివాళ్లకు వెంటపడి చెప్పేవాడు.

ఆయన వేటగాడే. ఏటా ఒక్క జింక కొట్టేవాడు. అదే ఆయనకూ ఆయన భార్యకూ చలికాలం కూర. నగరానికి గంట దూరంలో రైతుల పొలాల్లో నలభై ఏళ్లుగా వేటాడుతున్నాడు. ఆ పొలాల్లోకి వెళ్లడానికి పదిమంది కలిసి ఒక వేట క్లబ్బు పెట్టుకున్నారు. ఇళ్లు అమ్మి పెట్టే వ్యాపారం చేసే ఒకాయన దానికి పెద్ద. ఎత్తుగా, శుభ్రంగా ఉండేవాడు, నన్ను చూస్తే ముందు తనే పలకరించేవాడు. నేను మనసులో ఆయనకు కొమ్ములాయన అని పేరు పెట్టుకున్నాను. ఎందుకంటే ఆయన ఫోన్‌లో పెళ్లాం పిల్లల ఫోటోల కన్నా కొమ్ముల ఫోటోలే ఎక్కువుండేవి.

ఆ ఏడు సీజన్‌కు ముందు కొమ్ములాయన క్లబ్బులో ఒక రూలు పెట్టించాడు. మగ జింకకు ఒక్కో కొమ్ముకు కనీసం నాలుగు మొనలుంటేనే కొట్టాలి, తక్కువుంటే వదిలేయాలి. అందరూ చేతులెత్తారు, మా ఓనర్ ఒక్కడే ఎత్తలేదు. ఆ తగువు మా కౌంటర్ దగ్గరే నాలుగైదుసార్లు జరిగింది. నేను కత్తి నూరుకుంటూ వింటూ ఉండేదాన్ని. వాళ్లు మాట్లాడింది ఇంగ్లీషే, నాకు గుర్తున్నది మాత్రం నా భాషలో.

"పసివాటిని చంపేస్తున్నారు మీరు. ఒక్క నాలుగేళ్లు బతకనిస్తే అది ఎంత అందంగా తయారవుతుందో చూడండి" అనేవాడు కొమ్ములాయన.

"కొమ్ములు ఉడకవయ్యా. నాకు కూర కావాలి. నాలుగేళ్లు తిరిగిన మగది ఊళ్లన్నీ తిరుగుతుంది, కనపడిన ప్రతి ఆడదాని మూతీ నాకుతుంది. ఉన్న జబ్బులన్నీ దానికే అంటుతాయి. పెద్ద కొమ్ములంటే మురికి మాంసమని అర్థం" అనేవాడు మా ఓనర్.

"కొట్టలేనివాడు చెప్పే మాట అది."

"తినలేనివాడు చెప్పే మాట నీది."

నేను ఓనర్ పక్షం. మా నాన్న కొట్టులోనూ లేత పోతుకే గిరాకీ. ముదురు పోతును కొడితే వాసనొస్తుందని పాత ఖాతాదారులు మొహం తిప్పుకుంటారు. కొమ్ములు చూసి మాంసం కొనేవాడు ఎక్కడైనా ఉంటాడా అని నవ్వుకున్నాను. అయితే ఇంకో సంగతి కూడా ఒప్పుకోవాలి. ముసలాయన ఆ మాటను రోజుకు పదిసార్లు అనేవాడు. పెద్ద కొమ్ములు, మురికి మాంసం. ఎవరైనా పెద్ద పోతును తెస్తే వాళ్లు వెళ్లగానే నా వైపు తిరిగి అదే మాట. దాని పుర్రె కోయొద్దు, వెన్ను కోయొద్దు, తల ఇంటికి తీసుకెళ్లొద్దు, గ్లవ్స్ లేకుండా ముట్టుకోవద్దు. కొన్నాళ్లకు నేను వినడం మానేశాను. ఆయన కడుపుమంటతో అంటున్నాడని అనుకున్నాను. జబ్బు సంగతి కూడా ఆయన తగువులో ఒక ముక్కేనని నా బుర్రకు తోచింది.

సీజన్ మొదటి రోజే మా ఓనర్ రెండేసి మొనలున్న లేత పోతును కొట్టి, పట్టపగలు అందరి ముందూ ట్రక్కులో వేసుకొచ్చాడు. చట్టం ప్రకారం అందులో తప్పేమీ లేదు, క్లబ్బు ప్రకారం మహాపరాధం. ఆ వారమే ఆయన్ను క్లబ్బులోంచి తీసేశారు. రైతులు కూడా సారీ చెప్పి గేటుకు తాళం వేసుకున్నారు. నలభై ఏళ్లు తిరిగిన పొలాల్లో ఆయన కాలు పెట్టడానికి లేకుండా పోయింది. ఆ వార్త ఫోన్‌లో విన్న రోజు ఆయన బల్ల కడిగాడు. మళ్లీ కడిగాడు, మూడోసారి కడుగుతుంటే నేను గుడ్డ లాక్కున్నాను.

తర్వాతి వారం కొమ్ములాయన తన జింకను మా దగ్గరికే తెచ్చాడు. సిగ్గు లేదా అని మీరు అనుకోవచ్చు. ఉంది, కానీ నా కత్తి మీద మోజు దానికన్నా ఎక్కువ. గోడకు తగిలించే తలకు తోలు భుజాల దాకా ఒక్క గాటు పడకుండా ఒలవాలి, కళ్ల చుట్టూ, పెదవుల లోపల రెప్పంత పలచగా కోయాలి. అది నాకు బాగా వచ్చిందని ఊరంతా పాకింది. ఆ మధ్యాహ్నం ఓనర్ తన డాక్టర్ దగ్గరికి వెళ్లాడు, కొట్లో నేనొక్కదాన్నే. ఒక్కో కొమ్ముకు ఆరు మొనలున్న పోతు అది. అంత పెద్దదాన్ని నేను అప్పటిదాకా చూడలేదు. డొక్కలు మాత్రం లోపలికి పోయి ఉన్నాయి. జత కట్టే కాలంలో మగవి తిండి మానేసి చిక్కిపోతాయని కొమ్ములాయనే చెప్పాడు. నమ్మాను. ఫారంలో ఏరియా నింపాడు. పరీక్ష అక్కర్లేని ఏరియా. అదీ నమ్మాను.

తోలు ఒలిచాను. పుర్రె పైభాగాన్ని కొమ్ములతో సహా రంపంతో కోసి ఇవ్వమన్నాడు, గోడకు పనికొచ్చేది అంతే. ఓనర్ వద్దన్నాడని గుర్తొచ్చింది. కానీ మా నాన్న తలకాయ కొట్టేటప్పుడు భేజా చెదరకుండా కొట్టడమే పనితనం అనేవాడు. నాకూ ఆ పొగరుంది. కోశాను. కొమ్ములు ఊడి వచ్చాయి, లోపల భేజా పొర కూడా చిరగకుండా నిండుగా కూర్చుని ఉంది. అలవాటు కొద్దీ గొంతు బిళ్లలు రెండూ తీసి సంచిలో వేసి నంబరు రాశాను. అప్పుడు నా నోరు ఊరుకోలేదు.

"మిగతా తల ఏం చేస్తారు?"

"డ్రమ్ములో పారేస్తారుగా. ఏం?"

"మా దగ్గర తింటారు. తలకాయ ముందు అమ్ముడుపోయాకే మిగతా మాంసం. మంచి ఖాతాదారులు శనివారమే చెప్పి పెట్టుకుంటారు."

ఆయన వెక్కిరించలేదు. మొహం వెలిగిపోయింది. "తీసుకెళ్లు. తప్పకుండా తీసుకెళ్లు. నేను మాంసం పారేసేవాణ్ననీ, గోడ కోసం చంపేవాణ్ననీ మీ ముసలాయన ఊరంతా చెబుతున్నాడు. నా జింకలో తల కూడా వృథా కాలేదని నేను చెప్పుకుంటాను" అన్నాడు. ఆయన తగువులో నేనొక సాక్ష్యం అవుతున్నానని అప్పుడు నాకు తట్టలేదు. పెద్దమనిషి అనుకున్నాను. ఓనర్ వచ్చేలోపు తల మూడు సంచుల్లో చుట్టి బ్యాగులో పెట్టుకున్నాను. ఆయనకు చెప్పలేదు. చెబితే మళ్లీ అదే పాట పాడతాడని విసుగు.

మా ఆరుగురిలో చిన్నది కడప వైపు పిల్ల. అదే ఇప్పుడు వాటర్లూలో ఉన్నది. స్టాటిస్టిక్స్ పేపరు రెండుసార్లు పోయింది. మూడోసారి పోతే కోర్సులోంచి తీసేస్తారు, కోర్సు పోతే స్టడీ పర్మిట్ పోతుంది. ఇంట్లో చెప్పుకోలేక బక్కచిక్కి, పుస్తకం ముందు కూర్చుని అదే పేజీ గంటసేపు చూసేది. రాత్రి చదివింది పొద్దున గుర్తుండటం లేదని ఏడ్చేది. మా ఇళ్లల్లో పరీక్షలప్పుడు పిల్లలకు భేజా వేయించి పెడతారు. మెదడు తింటే మెదడుకు బలమని మా నానమ్మ నమ్మకం, మా నాన్న నమ్మకం, ఆ మధ్యాహ్నం నా నమ్మకం కూడా. బస్సులో ఆ తల ఒళ్లో పెట్టుకుని కూర్చున్నప్పుడే అనుకున్నాను, భేజా మొత్తం చిన్నదానికే అని.

ఆ సాయంత్రం ఇంట్లో ముందు కేకలు. తర్వాత నవ్వులు. తర్వాత ఉల్లిపాయలు ఎవరు తరుగుతారని వాదన. మా నాన్నది మటన్ కొట్టు అని ఆ రోజే వాళ్లకు చెప్పాను. ఎవరూ మొహం చిట్లించలేదు, ఇన్నాళ్లూ దాచి మమ్మల్ని కూరగాయలతో చంపావు కదే అన్నారు. దవడ మాంసం, నాలుక కలిపి కారంగా పులుసు పెట్టాను. భేజా మాత్రం విడిగా, మిరియాలు, కొత్తిమీర వేసి వేయించాను. ఉప్పు సరిపోయిందో లేదో కొంచెం నోట్లో వేసుకుని చూశాను. మిగిలిందంతా చిన్నదాని కంచంలో వేశాను.

"నాకొక్కదానికేనా అక్కా? మా ఇంట్లో ఇది మా అన్నకు పెట్టినాక మిగిల్తేనే నాకు" అంది.

"మీ అన్న ఈడ లేడు కదా. కంచం ఖాళీ చెయ్. లేకుంటే నేనే తినిపిస్తా" అన్నాను.

చివరి మెతుకుతో కంచం తుడుచుకుని తింది. ఇన్నేళ్లలో నా వంటను అంత ఇష్టంగా ఎవరూ తినలేదు. పది రోజుల తర్వాత పరీక్ష పాసైంది. రిజల్టు చూసి బేస్‌మెంట్ మెట్ల మీంచి అరుచుకుంటూ వచ్చి నా మెడకు వేలాడింది. భేజా పని చేసిందక్కా, పని చేసింది అని ఒకటే గంతులు. ఆ క్షణంలో నా అంత సంతోషంగా ఉన్న మనిషి విన్నిపెగ్‌లో లేదు.

జనవరిలో ఒక పొద్దున నేను వెళ్లేసరికి ఓనర్ కోటు కూడా విప్పకుండా కౌంటర్ వెనక నిలబడి ఉన్నాడు. చేతిలో కాగితం. గొంతు బిళ్లల్లో జబ్బు ఉన్నట్టు తేలింది. నంబరు చదివాడు. సంచి మీద ఆ అంకె రాసింది నేనే, అది ఏ జింకదో నాకు చూడకుండానే తెలిసింది. ఆయన కోపమంతా కొమ్ములాయన మీద. జబ్బున్న ఏరియాలో కొట్టి, తల ప్రభుత్వం చేతికిస్తే కొమ్ములు పాడు చేస్తారేమోనని, పక్క ఏరియా అని రాసి ఉంటాడని తిడుతున్నాడు. అలా తిడుతూనే నా మొహం చూసి ఆగాడు.

"తల డ్రమ్ములో వేశావుగా?" అని అడిగాడు.

నేను చెప్పాను. రంపం సంగతి, సంచుల సంగతి, పులుసు సంగతి, చిన్నదాని సంగతి. ఆయన మెల్లగా స్టూలు లాక్కుని కూర్చున్నాడు. తిట్టి ఉంటే బాగుండేది. "నేను చెప్పాను కదా. రోజూ చెప్పాను కదా" అన్నాడు. చెప్పాడు. నిజమే. కానీ ఆ మాటను ఆయన పగ కోసం ఎంతగా వాడాడంటే, నాకు అందులో పగే వినిపించింది. ఈ తప్పు సగం ఆయనకు అంటగట్టాలని నాకు ఇప్పటికీ ఉంటుంది. కానీ కత్తి నాది, చెయ్యి నాది.

కబురు చేస్తే కొమ్ములాయన ఆ మధ్యాహ్నమే వచ్చాడు. తనను అడగకుండా బిళ్లలు పరీక్షకు ఎందుకిచ్చారని ముందు కేకలేశాడు. ఏరియా తప్పు రాశానని ఒప్పుకోలేదు, రాయలేదని కూడా అనలేదు. ఆ మాంసంతో సాసేజ్ చేయించి ఆఫీసులో అందరికీ పంచానన్నాడు.

"వాళ్లకు చెబుతావా?" అని అడిగాడు మా ఓనర్.

"ఏమని చెప్పను? ఈ జబ్బు మనిషికి వచ్చినట్టు ఎక్కడా లేదు. ఒక్కరికి కూడా రాలేదు. అనవసరంగా జనాన్ని భయపెట్టడం ఎందుకు?" అన్నాడు.

"నీ రూలు ప్రకారం పెంచి పెంచి కొట్టింది ఇదే. ఎలా ఉంది గోడ మీద?"

"బాగుంది" అన్నాడు కొమ్ములాయన. తలుపు విసిరేసి వెళ్లిపోయాడు. వాళ్లిద్దరూ మళ్లీ మాట్లాడుకోలేదని విన్నాను.

ఆ మనిషంటే నాకు అసహ్యం పుట్టింది. కానీ ఆయన అన్న ఒక్క మాటనే పట్టుకుని బతికాను. ఎక్కడా లేదు, ఒక్కరికి కూడా రాలేదు. వాక్-ఇన్ క్లినిక్‌కు వెళ్లి, మా స్నేహితురాలు తిన్నదని చెప్పి అడిగాను. డాక్టరమ్మ కూడా అదే చెప్పింది. చెప్పి, చివర్లో "ఇప్పటివరకు" అని కలిపింది. బతికుండగా మనిషికి చేసే పరీక్ష లేదట. మందు లేదు. నడకలో, మతిమరుపులో తేడా వస్తే రమ్మంది. మా కొట్టు గోడకు ఆ జబ్బు పోస్టరు ఒకటి ఉండేది. చిక్కిపోవడం, తల వేలాడేయడం, దారి మర్చిపోవడం, మనిషిని చూసి కూడా బెదరకుండా నిలబడిపోవడం. అంతకుముందు రోజూ దాని కిందే కోటు తగిలించేదాన్ని. ఆ తర్వాత కోటు కుర్చీ మీద పడేయడం మొదలుపెట్టాను.

రోజూ ఓనర్ అడిగేవాడు, వాళ్లకు చెప్పావా అని. నాలుగు రోజులు రేపు అన్నాను. ఐదో రోజు చెప్పానన్నాను. ఏమన్నారని అడిగాడు. ఏడ్చారు, తర్వాత సర్దుకున్నారు అని అబద్ధం అల్లాను. చెప్పడానికి ఎన్నిసార్లు నోరు తెరిచానో నాకే తెలియదు. చిన్నది అప్పుడే తేరుకుంటోంది. మందు లేని జబ్బు, పరీక్ష లేని జబ్బు, రాకపోవచ్చు కూడా. చెబితే దాని బతుకంతా భయం తప్ప మిగిలేదేముంది అని నాకు నేను చెప్పుకున్నాను. కొమ్ములాయన మాట కూడా ఇదే కదా అని తట్టిన రోజు నా మీద నాకే రోత పుట్టింది. అయినా చెప్పలేదు. దాని కళ్లల్లో నేను ఏమైపోతానో చూడటానికి భయపడ్డాను. అసలు కారణం అదే.

వసంతంలో ఆ కొట్టు మానేశాను. ఆరుగురం తలా ఒక దిక్కుకు వెళ్లిపోయాం. ఒకరు మాంట్రియల్, ఒకరు పెళ్లి చేసుకుని అమెరికా. చిన్నదానికి వాటర్లూలో మంచి ఉద్యోగం దొరికింది. నేను విన్నిపెగ్‌లోనే ఉండి, శాశ్వత నివాసం కోసం ప్రావిన్స్ నామినేషన్‌కు అప్లై చేసుకున్నాను. అప్పటి నుంచీ ఆదివారాల ఫోన్లు. మిగతా నలుగురితో కూడా మాట్లాడతాను, కానీ వాళ్లను పండగలకే. దాన్ని మాత్రం వారం వారం. మూడేళ్లు గడిచాయి. బస్సు నంబరు, చీర రంగు, ఇంటి ఓనరమ్మ కుక్క పేరు, అన్నీ చెప్పింది.

ఈ చలికాలం మొదట్లో దాని ధోరణిలో ఒక తేడా కనిపించింది. ఒక ఆదివారం చారు ఎట్లా పెట్టాలని అడిగింది. చెప్పాను. తర్వాతి ఆదివారం మళ్లీ అడిగింది. నవ్వుతూ చెప్పాను. మూడో ఆదివారం మళ్లీ అదే ప్రశ్న, మొదటిసారి అడుగుతున్నట్టు అదే గొంతుతో. చిన్నప్పటి నుంచి వంట చేసే పిల్ల, చారు పెట్టడం మర్చిపోతుందా? ఆ వారమంతా పోస్టరులోని ఆ వరుసే కళ్ల ముందు తిరిగింది. టికెట్ తీసుకుని వాటర్లూ వెళ్లిపోదామా, దాని కాళ్లు పట్టుకుందామా అని ఆలోచించాను. తర్వాతి ఆదివారం బస్సు నంబరు అడుగుదామని గుండె కూడదీసుకుని ఫోన్ చేస్తే, నా కన్నా ముందు అదే అడిగింది.

"అక్కా, చారు ఎట్ల పెట్టాల? మళ్లా ఒకసారి చెప్పు."

"ఏందే, పోయిన వారమే చెప్పిన కదా. అంతకుముందు వారం కూడా చెప్పిన." "నీకు యాదికి లేదా?"

అటు వైపు కుర్చీ జరిపిన చప్పుడు వినపడింది.

"నాకు యాదిండాదక్కా. నీకే యాదిండాదో లేదోనని అడుగుతాండా" అంది.

నాకు అర్థం కాలేదు. అది నెమ్మదిగా చెప్పింది. నేను కొట్టు మానేశాక అక్కడ వదిలేసిన నా బూట్లు తేవడానికి ఒక రోజు దాన్ని పంపాను. నేను చెప్పేశాననే నమ్మకంతో, ముసలాయన దాని రెండు చేతులూ పట్టుకుని, ఒంట్లో ఎలా ఉంది, భయపడకు తల్లీ, ఇంతవరకూ ఎవరికీ రాలేదు అన్నాడట. అది అన్నీ ముందే తెలిసినట్టు తల ఊపి, మొత్తం విని బూట్లు తీసుకుని వచ్చిందట. ఆ బూట్లు నా చేతికిస్తూ, చలిగా ఉందక్కా, చేతులు చల్లబడ్డాయి అని మాత్రం అంది. నాకు గుర్తుంది. దాని చేతులు నా చేతుల్లోకి తీసుకుని రుద్దాను కూడా.

"నువ్వు చెప్తావేమోనని చూసినా. మూడేండ్లు చూసినా. నువ్వు బస్సు నంబరు అడిగినప్పుడల్లా చెప్పినా. నువ్వు ఎందుకు అడుగుతాండావో నాకు తెలుసు."

"తిట్టవే" అన్నాను. ఏడుస్తున్నాను. "ఏమన్నా అను."

"ఏమనాల? నువ్వు కూడా తిన్నావు కదా. ఉప్పు చూసినావు, నాకు కనబడింది. నన్ను నువ్వు అడుగుతాండావు, నిన్నెవరు అడగాల? అందుకే నేనడుగుతాండా" అంది. కొంచెం ఆగింది. ఆ ఆగడంలో అది చెప్పాలా వద్దా అని తూచుకుంటోందని నాకు తెలిసింది. నేను మూడేళ్లు తూచుకున్నది అదే. కానీ అది నాలా చెయ్యలేదు.

"అక్కా, పోయిన వారం నువ్వు చారులో చింతపండు చెప్పలేదు. అంతకుముందు వారం కూడా చెప్పలేదు."

వంటింట్లోకి చూశాను. చింతపండు డబ్బా స్టవ్ పక్కనే, ఎప్పుడూ ఉండే చోటే ఉంది. తొందరలో వదిలేసి ఉంటాననీ, అది కూడా ఒక లెక్కా అనీ అనబోయాను. ఎన్నాళ్లుగానో దాని నోటి నుంచి నేను వింటానేమోనని భయపడ్డ జవాబే అది. అందుకని అనలేదు.

"సరే, ఇప్పుడు చెప్పు. మొదట్నుంచి చెప్పు. నేను వింటాండా" అంది.

ఫోన్ చెవికి గట్టిగా ఆనించుకుని, చింతపండు నానబెట్టడం దగ్గర మొదలుపెట్టాను.